హాస్యం చెప్పే పిల్ల

నేను ఒకప్పుడు బుర్రకథ దళాన్ని నడిపానంటే మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు పాట రాదు, తాళం అసలే రాదు, నేను గుమ్మెట మీద చెయ్యి వేస్తే వీధిలో కుక్కలు లేచేవి. కానీ తొంభైల చివర కొన్నాళ్ళపాటు, రాజమండ్రి పేటల్లో ముగ్గురు ఆడపిల్లల్ని వెంటేసుకుని సాయంత్రాలు కథలు చెప్పించిన మాట నిజం. నేను గట్టిగా చెప్పుకోదగ్గ పని ఏదైనా చేశానంటే అదొక్కటే.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది. మెయిన్ రోడ్డు మీద మా నాన్నగారికి బట్టల కొట్టు. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఈలోపు ఖాళీగా కూర్చుని అమ్మతో పోట్లాడే బదులు ఏదో ఒకటి చేసుకోనీ అని వదిలేశారు. గోదావరి గట్టు దిగువన ఉన్న ఒక పేటలో ఆడపిల్లలకి సాయంత్రం పూట చదువు చెప్పే కేంద్రం ఉంటే అందులో టీచరుగా చేరాను. ఆడపిల్లని బడి మాన్పించకండి, చిన్న వయసులో పెళ్ళి చెయ్యకండి అని కరపత్రాలు పంచడం కూడా మా పనే. పొద్దున్న పంచిన కరపత్రం సాయంత్రానికి పకోడీల పొట్లమై మళ్ళీ మా చేతికే వచ్చేది. కాగితాలతో లాభం లేదు, ఆటా పాటా అయితే జనం ఆగుతారని కేంద్రం నడిపే పెద్దావిడ అన్నారు. అలా బుర్రకథ నా నెత్తిన పడింది.

నేర్పడానికి ధవళేశ్వరం నుంచి ఒక మాస్టారు సిటీ బస్సులో వచ్చేవారు. వయసు బాగా మీద పడ్డా జుట్టుకి నల్లరంగు మానలేదు, మెడలో సిల్కు కండువా మానలేదు. ఒకప్పుడు తన కథ వినడానికి గోదావరి లంకల్లోంచి జనం పడవలు కట్టుకుని వచ్చేవారని ఆయనే చెప్పేవారు. ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. మాటిమాటికీ అల్లం టీ పడకపోతే గొంతు పెగలదనేవారు. ఆ టీ తెచ్చే పని కూడా టీచరుదే.

బుర్రకథకి ముగ్గురు కావాలి. తంబురా భుజాన వేసుకుని కథ నడిపే మనిషి మధ్యలో ఉంటే, అటూ ఇటూ గుమ్మెటలు వాయించే వంతలు ఇద్దరు. వంతల్లో ఒకరు లోకంలో సంగతులు మాట్లాడతారు, దాన్ని రాజకీయం అంటారు. రెండోవారి పని నవ్వించడం, అది హాస్యం. మాస్టారికి పిల్లల పేర్లు గుర్తుండేవి కావు. ఒసేయ్ కథా, ఒసేయ్ రాజకీయం, ఒసేయ్ హాస్యం అనే పిలిచేవారు. పోనుపోను పేటంతా అలాగే పిలవడం మొదలుపెట్టింది. నేనూ అలాగే రాస్తాను.

హాస్యం తొమ్మిదో తరగతి చదివేది. సన్నగా పొడుగ్గా ఉండేది, పన్ను మీద పన్ను. ఎవరేం మాట్లాడినా ఒక్క క్షణం ఆగి, వాళ్ళ గొంతుతోనే వాళ్ళకి తిరిగి వినిపించేది. నా గొంతు కూడా చేసేది. అంత కీచుగా మాట్లాడతానని నాకు అప్పటిదాకా తెలీదు. కోపం వచ్చేది, వెంటనే నవ్వొచ్చేది. ముగ్గురిలో నాకు బాగా ఇష్టమైన పిల్ల అదే. టీచరు అలా అనకూడదంటారు, అయినా అన్నాను.

మొదటి కథ నేను రాశాను. అందులో చట్టం ఏం చెబుతోందో, ఆడపిల్ల చదువుకుంటే ఏం లాభమో, అన్నీ ఉన్నాయి. కథ ఒక్కటే లేదు. దాన్ని సరిచేస్తానని మాస్టారు పట్టుకెళ్ళి, ఊపిరి తిరగనివ్వని సమాసాలు గుప్పించి, మధ్యలో ఒక రాజకుమార్తెని దింపారు. కాగితం మిల్లు వైపు ఉన్న పేటలో మొదటిసారి ఆడాం. రాజకుమార్తె ఏడుస్తూ చట్టం అప్పజెబుతుంటే జనం ఒక్కొక్కరే లేచి టీవీలో సీరియల్ చూసుకోవడానికి పోయారు. చివరిదాకా కూర్చున్నది మైకుసెట్టాయన ఒక్కడే, మైకు తనది కాబట్టి.

తిరిగి వస్తుంటే హాస్యం నా పక్కకి చేరింది.

"టీచరుగారండీ, ఆ రాజకుమార్తె ఏ పేటలో ఉంటాదండీ? మా కుళాయి దగ్గరెప్పుడూ కనబళ్ళేదండీ."

మాస్టారికి వినబడింది. ఆ రోజు టీ కూడా తాగకుండా బస్సెక్కేశారు. మర్నాడు మాత్రం ఏమీ జరగనట్టే వచ్చి, "ఏదీ, మీ కుళాయి సంగతులే చెప్పండి చూద్దాం" అన్నారు. పిల్లలు చెప్పారు. బిందెల వరస, బడికి ఆలస్యం, తమ్ముణ్ణి ఎత్తుకుని క్లాసులో కూర్చోవడం. వాళ్ళు చెబుతుంటే మాస్టారు వరసలు కట్టారు, నేను రాశాను. ముగ్గురు చేసిన పప్పులా ఉందని మా అమ్మ వెక్కిరించింది కానీ ఈసారి కథ నిలబడింది.

అందులో గుడ్డు ముక్క హాస్యం సొంతం. కథ చెప్పే పిల్ల "అన్నకేమో తల్లి గుడ్డు పెట్టింది" అంటుంది. రాజకీయం "మరి చెల్లికో?" అని అడుగుతుంది. హాస్యం గుమ్మెట మీద ఒక దెబ్బ వేసి, "చెల్లికి గిన్నె పెట్టింది, తోమమని!" అంటుంది. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. నవ్వు ఆగాక కొంతమంది పక్కన కూర్చున్న కూతురి వంక ఒకసారి చూసి, తల నిమిరి, మళ్ళీ అటు తిరిగేవారు. ఆ చూపు కోసమే నేను ప్రతి ఆటకీ జనం మధ్యలో కూర్చునేదాన్ని.

కథ బాగుంటే మెచ్చి బహుమానాలివ్వడం మా వైపు అలవాటు. ఇచ్చినవారి పేరూ ఇచ్చిన వస్తువూ కథ మధ్యలో ఆపి మైకులో చెప్పాలి, ఆ పని హాస్యానిది. పేటల్లో ఏమిస్తారు? కొబ్బరికాయ, గుడ్లు, గుప్పెడు మల్లెమొగ్గలు. మాస్టారికి దీంట్లో ఒక గట్టి పట్టింపు ఉండేది. మైకులో చెప్పిన బహుమానం చేతికి అందేదాకా మంగళం పాడనిచ్చేవారు కాదు. మంగళం కాకుండా లేచిపోతే ఇంటికి మంచిది కాదని జనం నమ్మకం. ఒకసారి ఒక ముసలమ్మ సొరకాయ ఇస్తానని చెప్పించింది. ఆ కాయేమో ఇంకా పాక మీద తీగకే ఉంది. కోడలు నిచ్చెన వేసుకుని ఎక్కి కోసి తెచ్చేదాకా పేటంతా కూర్చోవలసి వచ్చింది. నాకు విసుగు, మాస్టారికి అదొక మహా గౌరవం.

హాస్యం వాళ్ళ నాన్న రైల్వేస్టేషను దగ్గర రిక్షా తొక్కేవారు. ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా ఈ బహుమానాల సరదా. నాటకమైనా హరికథైనా ముందు వరసలో ఆయన ఉండాలి, మైకులో ఆయన పేరు మోగాలి. జేబులో ఏమీ లేని రోజున మెడలో కొత్త తువ్వాలు తీసి ఇచ్చేసిన మనిషి. పేరు వినబడగానే దిగ్గున లేచి, నాలుగు దిక్కులా తిరిగి చేతులు జోడించేవారు. ఆయన ఏమిచ్చారో చెప్పేసరికి దణ్ణాలు సగం అయిపోయేవి. వాళ్ళావిడ తల పట్టుకునేది.

ఆ వేసవిలో హాస్యం రిహార్సల్‌కి రావడం మానేసింది. ఏమైందని కథని అడిగితే కళ్ళు దించుకుంది. రాజకీయం చెప్పింది, పెళ్ళి ఖాయమైందని. పెళ్ళికొడుకు సొంత మేనమామ, మొగల్తూరులో రొయ్యల చెరువుల మీద పని. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. అప్పటికప్పుడు వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన పాక ముందు రిక్షా తుడుచుకుంటున్నారు. కుర్చీ లేదని, సీటు మీద తువ్వాలు పరిచి నన్ను రిక్షాలోనే కూర్చోబెట్టారు. పోట్లాడదామని వెళ్ళినదాన్ని, ఆ ఎత్తున కూర్చుని ఏం పోట్లాడతాను? పద్ధెనిమిది నిండని పిల్లకి పెళ్ళేమిటండీ, పదో తరగతి ఒక్కటైనా కానివ్వండి, మీరు రోజూ మెచ్చుకునే కథలో ఉన్నది ఇదే కదా అని మాత్రం అన్నాను.

"కథ బాగుంటాదండి. మా పిల్ల ఇంకా బాగా చెబుతాదండి" అన్నారాయన. "కానీ కథయ్యాక మీరు మీ ఇంటికెళ్ళిపోతారండి. మేం ఇక్కడే ఉండాలండి. నేను చీకటితో స్టాండుకి పోతాను, మా ఆవిడ ఇళ్ళల్లో పనికి పోద్ది. ఇంట్లో ఎదిగిన పిల్ల ఒక్కత్తే. ఆటోలొచ్చాక రిక్షా ఎక్కేవాళ్ళు లేరు. రేపెలా ఉంటాదో తెల్దండి. వాడైతే మా ఆవిడ తమ్ముడు. దాన్ని కళ్ళల్లో పెట్టుకుంటాడండి."

మేనమామని నేనూ చూశాను. వచ్చినప్పుడల్లా అక్కకి ఎండురొయ్యలు, పిల్లలకి జీళ్ళు తెచ్చే నెమ్మదస్తుడు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. ఆ తండ్రి మాటలో నాకు దొరికిన అబద్ధం ఒక్కటీ లేదు, అదే నా బాధ. గుమ్మంలో చెల్లెలికి జడ వేస్తున్న హాస్యం తల ఎత్తలేదు. ఎవరి గొంతూ చెయ్యలేదు.

లేచి వస్తుంటే ఆయనే అన్నారు, "మన పేటలో ఆడతారంట కదండీ వచ్చే శనివారం. దానికి మాత్రం పంపిస్తానండి. మన పేటలో మన పిల్ల చెప్పకపోతే బాగోదు."

మా కేంద్రం ఉన్న పేటలో కథ ఆడటం అదే మొదటిసారి. ఇంతకుముందంతా వేరే పేటలే. కుళాయి దగ్గర ఖాళీ జాగాలో బల్లలు కలిపి వేదిక కట్టాం. దీపాలు పెట్టే వేళకే జనం చాపలు, గోనెపట్టాలు పరిచేసుకున్నారు. ముందు వరసలో తండ్రి, పక్కన అదే రోజు మొగల్తూరు నుంచి దిగిన మేనమామ, ఆడవాళ్ళ వైపు తల్లి. ముగ్గురు పిల్లలూ ఎర్ర ఓణీల మీద పచ్చ నడికట్టు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో ఎక్కారు. హాస్యం ఎప్పటికంటే బాగా చెప్పింది. గుడ్డు ముక్కకి జనం ఈలలు వేశారు. మేనమామ కూడా పడిపడి నవ్వాడు. నాకు మాత్రం ఒక్కచోటా నవ్వు రాలేదు. ఈ పిల్ల నోటి వెంట ఈ మాటలు వినడం ఇదే ఆఖరు అనుకుంటూ కూర్చున్నాను.

కథ చివరికొచ్చింది. మంగళానికి ముందు బహుమానాల వంతు. హాస్యం మైకు దగ్గరికి జరిగి ఒక్కొక్కటే చెప్పింది. ఫలానా మామ్మగారు రెండు కొబ్బరికాయలు. ఫలానా కిళ్ళీకొట్టు బాబాయిగారు సోడాలు. చప్పట్లు. తరవాత తన తండ్రి పేరు ఇంటిపేరుతో సహా, స్టేషను స్టాండుతో సహా గొంతెత్తి పలికింది. ఆయన అలవాటుగా దిగ్గున లేచి తూర్పుకి తిరిగి చేతులు జోడించారు. ఆ రోజు ఆయన ఏమీ ఇవ్వలేదన్న సంగతి కూడా ఆయనకి తట్టలేదు.

"తమ పెద్ద కూతురికి, పెళ్ళి ఆపి, మూడేళ్ళు బహుమానంగా ఇచ్చారు!"

పేట పేటంతా ఒక్కసారి నవ్వింది. హాస్యం చెప్పే పిల్ల కదా, ఏం చెప్పినా నవ్వాలనే అనుకున్నారు. ఆయన దక్షిణం వైపు దణ్ణం పెడుతూ, జనం నవ్వు చూసి తనూ నవ్వబోతూ, కూతురి వైపు తిరిగారు. ఆ పిల్ల నవ్వడం లేదు. గుమ్మెటని గుండెకి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"నవ్వకండి" అంది మైకులో. "ఇది కథలోది కాదండి."

నవ్వు అక్కడక్కడా ఆగి, మొత్తం ఆగిపోయింది. నాకు తెలిసే ఇదంతా చేయించానని అనుకుంటారేమో అన్నది మొదటి భయం. ఇంటికి తీసుకెళ్ళి ఆ పిల్లని కొడతారేమో అన్నది అసలు భయం. వెనక నుంచి ఎవరో, "మాస్టారూ, పిల్ల తమాషాకి అంది. మంగళం పాడించెయ్యండి, పొద్దుపోయింది" అని కేకేశారు.

మాస్టారు వేదిక పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. కండువా సర్దుకున్నారు.

"తమాషాకో దేనికో, మైకులో చెప్పేశాం కదండీ. చేతికందాలి" అన్నారు.

జనం ఎవరూ లేవలేదు. చేతులు సగం జోడించి తండ్రి అలాగే నిలబడిపోయారు. కూర్చుంటే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు. ఇన్నేళ్ళలో ఆయన ఏ సభలోనూ అలా చేసి ఎరగరు. "మూడేళ్ళు చేతికెలా ఇత్తారండీ?" అని మాస్టారిని అడిగారు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. ఆయన మెల్లగా బావమరిది వైపు తిరిగారు.

మేనమామ మొహం ఎర్రబడింది. లేచి, తల గోక్కుని, "నా వంక చూస్తావేంటి బావా? పిల్లనిమ్మని నేనడిగానా? అక్క రోజూ భయపడి చస్తంటే సరే అన్నాను. అక్కనే అడుగు" అన్నాడు. అని ఊరుకోకుండా, "దానికి ఇష్టం లేదని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. ఆ మాట చాలా చిన్నగా అన్నాడు. ఆ క్షణాన నాకు అతని మీద కూడా జాలేసింది.

తల్లి ఆడవాళ్ళ మధ్యలోంచి లేచింది. ఎవరి వంకా చూడకుండా సందులోకి వెళ్ళిపోయింది. కోపంతో వెళ్ళిపోయిందనే అనుకున్నాం. వేదిక మీద హాస్యం గుమ్మెట పట్టుకున్న చేతులు ఇంకా వదల్లేదు. కథా రాజకీయమూ చెరో పక్కా దగ్గరికి జరిగి భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. తల్లి తిరిగి వచ్చేసరికి చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది. మొగుడి చేతిలో పెట్టింది.

"పసుపు కొమ్ములు. ఎల్లుండి దంచి పెళ్ళి పనులు మొదలెడదామని తెచ్చినయ్యి" అంది. "ఇచ్చెయ్యి. కొమ్ములేం పాడవ్వవు. మూడేళ్ళున్నా ఇలాగే ఉంటాయి."

ఆ మూటని తరవాత కూడా నేను చాలాసార్లు చూశాను. వాళ్ళ పాకలో దూలానికి వేలాడుతూ ఉండేది. దాని కిందే ఆ పిల్ల పుస్తకాలు, మొదట పదో తరగతివి, ఆ తరవాత ఇంటరువి. మొగల్తూరు పెద్దలు అన్నాళ్ళు ఆగలేక మేనమామకి వేరే పెళ్ళి చేశారు. ఎండురొయ్యలు మాత్రం వస్తూనే ఉన్నాయి. తండ్రి కష్టాలు ఆ రోజుతో తీరలేదు. రిక్షా అమ్మేసి కూలికి వెళ్ళారు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఒక్కత్తే అన్న దిగులు పోలేదు. అందుకని తల్లి పనికెళ్ళే ఇళ్ళు కొన్ని మానుకుంది. సాయంత్రాలు ఆ పిల్ల మా కేంద్రంలోనే ఉండేది. ఒకరికి ఒక రోజు కుదరకపోతే ఇంకొకరు ఇంటిదాకా దింపేవాళ్ళం.

ఆ శనివారం మాత్రం ఆయన ఆ మూట పట్టుకుని వేదిక దగ్గరికి నడిచారు. కొబ్బరికాయల పక్కన, చాప మీద, రెండు చేతులతో పెట్టారు. మాస్టారు తల పంకించి మంగళానికి సైగ చేశారు. కథ తంబురా అందుకుంది.

"ఉండండి మాస్టారండీ" అన్నారాయన. కూతురి వైపు తిరిగారు. "ఇందాక నా పేరు దగ్గరే లేచిపోయానమ్మా. మిగతాది సరిగ్గా వినలేదు. మళ్ళీ ఓసారి చెప్పు మైకులో."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. తండ్రి పేరు, ఇంటిపేరు, స్టేషను స్టాండు. ఆ తరవాత మూడేళ్ళ మాట. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన చేతులు కిందికి వదిలేసి, తల కొంచెం పక్కకి వంచి, చివరి మాట దాకా విన్నారు. అప్పుడు సభ వైపు తిరిగి చేతులు జోడించారు.